ప్లేటు మీద లేని పేర్లు

ఆదివారం అనుబంధాలు తిరగేసే అలవాటున్న వాళ్లకు ఒక తరహా వ్యాసం బాగా పరిచయం. 'ఆ రోజులే వేరు' అని మొదలవుతుంది. తాతగారి పడక్కుర్చీ, హాల్లో మూలన గ్రామఫోను పెట్టె, దాని మీద లేసు గుడ్డ, ప్లేటు తుడిచి మెల్లగా ముల్లు దించే తాతగారి వేళ్లు, ఆ తర్వాత సన్నని గరగర, అందులోంచి తేలివచ్చే పాట. చివర్లో 'ఇప్పటి పాటల్లో ఆ మాధుర్యం ఏదీ?' అని ఒక నిట్టూర్పు. ఈ మధ్య ఇలాంటివి మళ్లీ ఎక్కువయ్యాయి. ముఖ్యంగా ఏడంగుళాల చిన్న ప్లేట్ల మీద. నిమిషానికి 45 సార్లు తిరిగేవి, వైపుకో పాట ఉండేవి. సింగిల్స్ అంటారు. మన దగ్గర వైపుకు రెండేసి సినిమా పాటలతో ఎక్కువగా వచ్చినవాటిని ఇ.పి.లు అనేవాళ్లు. వాటి అట్టల బొమ్మలు, వాటి వాసన, వాటి చప్పుడు గురించి దేశదేశాల వాళ్లు బెంగపడి రాస్తున్నారు.

ఇవన్నీ చదువుతుంటే నాకొక ప్రశ్న పుడుతుంది. ఈ బెంగ ఎవరిది? పడక్కుర్చీ ఉన్నవాడిది సరే. ఆ ప్లేటుకు లక్క ఏరినవాడిది ఎక్కడ? ఆ పాట కట్టినవాడిది ఎక్కడ? ఆ పాట ఊరంతా వినపడాలని చెట్టెక్కి బాకా కట్టినవాడిది ఎక్కడ? జ్ఞాపకం కూడా భూమి లాంటిదే. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లదే అవుతుంది. రికార్డుల జ్ఞాపకానికి మన దేశంలో పట్టా ఎవరి చేతిలో ఉందో ఆ వ్యాసాలే చెబుతున్నాయి.

నేను ప్రభుత్వ పాఠశాలలో సోషల్ చెప్పే పంతుల్ని. మా వంశంలో డిగ్రీ కాగితం చూసిన మొదటివాణ్ణి. మా ఇంట్లో గ్రామఫోను లేదు. నేను పుట్టేనాటికి ప్లేట్ల కాలం అయిపోయి కేసెట్ల కాలం నడుస్తోంది. మరి నీకెందుకయ్యా ఈ రికార్డుల గోల అంటారేమో. ఎందుకంటే నాకు ముందు మా నాయన అయిదారేళ్లు రికార్డుల మీదే కూడు తిన్నాడు. విని కాదు, మోసి.

1970ల నడిమి సంగతి. మా పక్క ఊళ్లో ఒకాయనకు మైకు సెట్టు ఉండేది. పెళ్లిళ్లకి, సమర్తలకి, తిరనాళ్లకి బాడుగకు తిప్పేవాడు. రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, కారు బ్యాటరీ, రెండు బాకాలు, చుట్టలుగా వైరు. ప్లేట్ల పెట్టె ఒకటి, దానికి తాళం. మా నాయన అప్పటికి మీసం వస్తున్న పిల్లోడు. ఆయన పని బ్యాటరీ నెత్తిన పెట్టుకుని నడవడం, చింతచెట్టో వేపచెట్టో ఎక్కి బాకా కట్టడం, రాత్రంతా వైరుకు కాపలా ఉండడం, పొద్దున్నే విప్పి మొయ్యడం. ఇచ్చేది రాత్రికి రెండు రూపాయలు, పెళ్లి కూడు. ఆ కూడు కూడా పందిట్లో కాదు, ఎడంగా, అందరూ లేచాక.

ప్లేటు మాత్రం ముట్టుకోకూడదు. బ్యాటరీ ముట్టొచ్చు. యాసిడు పడి లుంగీ చిల్లులు పడొచ్చు, తోలు ఊడొచ్చు. బాకా ముట్టొచ్చు. ప్లేటు ముట్టకూడదు. 'గీతలు పడతాయిరా' అనేవాడంట. అదే పెట్టెను పెళ్లివారి పిల్లలు కెలికితే గీతలు పడేవి కావు మరి.

మా నాయనకు అక్షరం ముక్క రాదు. అయినా ఏ ప్లేటు ఏదో ఆయనకు తెలుసు. కుక్క బొమ్మది, రెక్కల పిల్లోడి బొమ్మది, అట్ట చిరిగినది, నడిమిలో సిరా మరక ఉన్నది. అంతకంటే ఆశ్చర్యం ఇంకోటి. ముల్లు దించాక పాట మొదలయ్యేదాకా గరగర వస్తుందే, ఆ గరగర విని చెట్టు మీద నుంచే ఏ పాట రాబోతోందో చెప్పేవాడు. ఒక్కో ప్లేటు అరుగుడు ఒక్కో రకం. ఇప్పుడు ఆ గరగర మీద పుస్తకాలు రాస్తున్నారు, అందులో ఏదో ఆత్మ ఉందంటున్నారు. మా నాయనను అడిగితే, "ఏముందిరా అందులో, ఏ పాటొస్తే ఎంత పొద్దుపోయిందో తెలిసేది, నిద్రాపుకోను పనికొచ్చేది" అంటాడు.

ఒక పెళ్లిలో నడిరాత్రి ప్లేటు ఇరుక్కుంది. ముల్లు ఒకే గాడిలో తిరుగుతా పాటలోని ఒకే మాటను పదే పదే అంటోంది. సెట్టు యజమాని బంతిలో కూర్చున్నాడు. మా నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక వేలు తగిలిస్తే చాలు, ముల్లు గాడి దాటుతుంది. ముట్టుకుంటే తంతారు. ముట్టుకోకుండా పందిరి దగ్గరకు పరిగెత్తి, బయటే నిలబడి కేకేశాడు. బంతిలోంచి లేపినందుకు రెండు, ఊరి ముందు పరువు తీసినందుకు రెండు, మొత్తం నాలుగు దెబ్బలు. "ఆ నాలుగు దెబ్బలు పడేదాకా కూడా అదే మాట మోగతానే ఉండాదిరా" అని నవ్వుతా చెబుతాడు. ఆ నవ్వు నాకు రాదు.

తెలుగులో 'అరిగిపోయిన రికార్డు' అని ఒక నుడికారం ఉంది. చెప్పిందే చెప్పేవాణ్ణి వెక్కిరించడానికి వాడతారు. మా స్టాఫ్ రూముల్లో, సాహిత్య సభల్లో దళితుడు నోరు విప్పగానే పడే మొదటి మాట ఇదే. 'ఎప్పుడూ కులం కులం అని అరిగిపోయిన రికార్డేనా?' అంటారు. రికార్డు తనంతట తాను అరగదు. ఒకే గాడి మీద ముల్లు మళ్లీ మళ్లీ నడిస్తే అరుగుతుంది. ముల్లు ఎవరి చేతిలో ఉందో అడగకుండా ప్లేటును తిట్టడం మన సాహిత్య విమర్శకు అలవాటైపోయింది.

ఇక ఆ కుక్క బొమ్మ. బాకా ముందు కూర్చుని చెవులు రిక్కించి యజమాని గొంతు వింటున్న కుక్క. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బారాడ్ అనే చిత్రకారుడు 19వ శతాబ్దం చివర వేసిన బొమ్మ అది. కంపెనీ ముద్ర పేరే 'యజమాని గొంతు' అయింది, హిజ్ మాస్టర్స్ వాయిస్. దశాబ్దాల పాటు మన దేశంలో పాట అంటే ఆ ముద్రే. కుక్క విశ్వాసాన్ని మెచ్చుకున్నవాళ్లు చాలామంది. మాకు ఆ బొమ్మలో వేరేది కనపడుతుంది. గొంతు యజమానిదే, వినడం మాత్రం మన వంతు.

ప్లేటు దేనితో చేశారో కూడా చూడాలి. వినైల్ అనే ప్లాస్టిక్కు రాకముందు, నిమిషానికి 78 సార్లు తిరిగే పాత ప్లేట్లు లక్కతో చేసేవాళ్లు. లక్కలో రాతిపొడి, మసి కలిపి అచ్చు పోసేవాళ్లు. ఆ లక్క ఎక్కడిది? ప్రపంచానికి అధిక భాగం మన దేశం నుంచే. మోదుగ, రేగు చెట్ల కొమ్మలకు పట్టే చిన్న పురుగు విడిచే జిగురు అది. ఛోటా నాగపూర్ అడవుల్లో ఆదివాసీలు కొమ్మలు నరికి, గీకి, ఏరి సంతల్లో అమ్ముకునేవాళ్లు. లండన్‌లో మోగినా న్యూయార్క్‌లో మోగినా ఆ పాట కింద ఆదివాసీ చేతి జిగురుంది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క యుద్ధ సామగ్రికి కావాల్సి వచ్చి, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు దాని వాడకం బాగా కుదించింది. వినైల్ వైపు కంపెనీలు చూడ్డానికి ఉన్న కారణాల్లో ఈ కొరత కూడా ఒకటి. వినైల్ మీద బెంగపడే వ్యాసాల్లో ఈ మోదుగచెట్టు కనపడదు.

మన దేశంలో రికార్డింగు మొదలైన కొత్తల్లో యంత్రం ముందుకు వచ్చిందెవరు? 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజనీరు కలకత్తాకు యంత్రం తెచ్చాడు. పాడింది గౌహర్ జాన్. తవాయిఫ్. అప్పటి పెద్దమనుషులు కొలువుల్లో పాట విని, బయట ముఖం తిప్పుకున్న జాతి ఆడవాళ్లలో ఒకరు. దక్షిణాదిలోనూ తొలి రోజుల్లో ప్లేట్లకు పాడినవాళ్లలో దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లు చాలామంది. పెద్ద విద్వాంసులు కొందరు యంత్రం ముందు పాడితే పరువు తక్కువనుకున్న రోజులవి. గౌహర్ జాన్ పాట చివర 'నా పేరు గౌహర్ జాన్' అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. మైనపు అచ్చు జర్మనీకి వెళ్లాక అక్కడి పనివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియడానికి అలా చెప్పించారని అంటారు. కారణం ఏదైనా కానీ, సంఘం పేరు పెట్టి పిలవడానికి వెనకాడిన ఒక ఆడమనిషి తన పేరు తానే గాడిలో చెక్కించుకుంది. నూరేళ్లు దాటినా ఆ పేరు చెరగలేదు. నాకు రికార్డుల చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

ఆ పాత ప్లేటు వైపుకు సుమారు మూడు నిమిషాలు పట్టేది. ఈ మూడు నిమిషాలు మన పాట చరిత్రను చాలా మార్చింది. ఏది పడుతుందో అది చరిత్రకెక్కింది. రాగం తీసి పాడే నాటక పద్యం పట్టింది. కీర్తన ముక్క పట్టింది. తర్వాత సినిమా పాట ఆ కొలతకే పుట్టింది. మరి చిందు భాగోతం? జాంబపురాణం? రాత్రి మొదలై తెల్లారేదాకా సాగే ఒగ్గు కథ? అవి మూడు నిమిషాలకు లొంగవు. వాటిని రికార్డు చెయ్యకపోవడానికి నిడివి ఒక్కటే కారణం అనుకుంటే అమాయకత్వం. కొనేవాడి హాల్లోకి చిందు మాదిగ కథ రాకూడదన్నది అసలు కొలత. అందుకే 'స్వర్ణయుగం' అనే మాట వినపడినప్పుడల్లా నేను అడుగుతాను: ఆ యుగంలో డప్పుకు ఎన్ని ప్లేట్లు దక్కాయి?

పట్టిన చోట కూడా మన పేరు పట్టలేదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. సత్య హరిశ్చంద్ర నాటకం. కాటి సీనులో జాషువా శ్మశానం పద్యాలు పాడకపోతే జనం ఒప్పుకోరు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, ఆ పద్యాలు గుర్రం జాషువావి. నాటక సమాజాల గొంతుల మీదుగా, రికార్డుల మీదుగా, ఆ తర్వాత కేసెట్ల మీదుగా పల్లెపల్లెకూ చేరాయి. మా నాయనకు అవి కంఠతా వచ్చు. చావు ముందర రాజూ పేదా ఒకటేనని చెప్పే ఆ పద్యాలు తన జాతివాడు రాశాడని ఆయనకు తెలిసింది మాత్రం నేను డిగ్రీలో జాషువాను చదివి ఇంటికొచ్చి చెప్పినప్పుడే. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. "ఎవురూ? మనోడా?" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ పద్యం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ముప్పై ఏళ్లు చెట్టు మీదా చెట్టు కిందా విన్న పద్యం ఆ రాత్రి మా ఇంట్లో కొత్తగా మోగింది. పేరు తెలిస్తే పాట మారుతుంది. ఈ వ్యాసం మొత్తానికి నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇప్పుడు సింగిల్ పుట్టిన దేశానికి పోదాం. అమెరికా చరిత్ర మనకెందుకని కొట్టిపారెయ్యకండి. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకున్నప్పుడే మన వాళ్లు నల్లవాళ్లతో చుట్టరికం కలుపుకున్నారు. జాతీ కులమూ ఒకటి కావు. కానీ వెలివేసే చేతులు ఒకదాన్నొకటి గుర్తుపడతాయి.

1920లో మామీ స్మిత్ అనే నల్ల గాయని ఓకే కంపెనీకి 'క్రేజీ బ్లూస్' పాడింది. అది విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లవాళ్లు కూడా డబ్బిచ్చి ప్లేట్లు కొంటారన్న సంగతి కంపెనీలకు అప్పుడు తలకెక్కింది. వెంటనే వాటికి వేరే వరస, వేరే కేటలాగు పెట్టి 'రేస్ రికార్డులు' అన్నారు. ఊరికి దూరంగా వాడ ఉన్నట్టు కేటలాగులో కూడా వాడ కట్టారు. 1921లో హ్యారీ పేస్ అనే నల్లవాడు హార్లెంలో 'బ్లాక్ స్వాన్' అని సొంత కంపెనీ పెట్టాడు. మేధావి డుబోయిస్ దానికి అండగా ఉన్నాడు. మూడేళ్లు తిరక్కుండానే అది నిలదొక్కుకోలేక పోయింది. యంత్రం, అంగడి, అప్పు మూడూ అవతలి వాళ్ల చేతిలో ఉంటే గొంతు ఒక్కటే మనదైతే చాలదని ఆ కథ చెబుతుంది.

1948లో కొలంబియా కంపెనీ పెద్ద ప్లేటు తెచ్చింది, లాంగ్ ప్లే అని. దానికి పోటీగా 1949లో ఆర్.సి.ఏ. విక్టర్ ఈ ఏడంగుళాల 45ను తెచ్చింది. నడుమ పెద్ద బెజ్జం, అంగుళంన్నర. చవక, తేలిక, పగలదు. ఇక్కడే అసలు సంగతి. ఆ కంపెనీ మొదట్లో ప్లేట్లకు రంగులు పెట్టింది. శాస్త్రీయ సంగీతానికి ఎరుపు. తేలికపాటి శాస్త్రీయానికి ముదురు నీలం. అందరి పాటలకు నలుపు. పల్లెటూరి తెల్లవాళ్ల పాటలకు ఆకుపచ్చ. పిల్లలకు పసుపు. విదేశీ పాటలకు లేత నీలం. నల్లవాళ్ల పాటలకు ఎరుపూ నారింజా కలిసిన ఒక రంగు. పాట వినకుండా, పేరు చదవకుండా, దూరం నుంచే ఎవరిదో చెప్పెయ్యొచ్చు. ఇప్పుడు ఆ రంగు ప్లేట్లను సేకరించేవాళ్లు ముచ్చటపడి, మురిసిపోయి రాస్తారు. ఎంత అందంగా ఉండేవో అంటారు. అందంగానే ఉంటాయి. హోటల్లో మాకు విడిగా పెట్టిన గ్లాసు కూడా ఒక్కోసారి కొత్తదే, తళతళలాడేదే. విడిగా ఎందుకు పెట్టారన్నదే ప్రశ్న.

ఆ నారింజ రంగు వరసలో మొదటి ప్లేటు నంబరు 50-0000. పాడింది ఆర్థర్ క్రడప్. మిసిసిపీ వాడు, కూలోడు. పాట 'దట్స్ ఆల్ రైట్'. 1946లో పాడినదాన్ని 1949లో కొత్త 45 మీద మళ్లీ వేశారు. 1954లో మెంఫిస్‌లో ఒక పంతొమ్మిదేళ్ల తెల్ల కుర్రాడు అదే పాటను తన మొదటి సింగిల్‌గా పాడాడు. అతను ఎల్విస్ ప్రెస్లీ. ఆ తర్వాతి కథ లోకానికంతా తెలుసు. ప్రెస్లీ ప్లేటు మీద రచయితగా క్రడప్ పేరు చిన్న అక్షరాల్లో ఉంది. ఉండి ఏం లాభం? తనకు రావలసిన రాయల్టీల కోసం క్రడప్ జీవితాంతం తిరిగాడు. పొలాల్లో కూలి చేసుకుంటూ బతికాడు. 1974లో చనిపోయాడు. పేరు ఉంటే చాలదు, కూలి కూడా రావాలి. మన ఉద్యమాల్లో 'గుర్తింపు' గురించి మాట్లాడే మిత్రులు క్రడప్ కథను గుర్తుంచుకోవాలి.

అదే 1949లో ఇంకో వింత జరిగింది. బిల్‌బోర్డ్ పత్రిక తన 'రేస్ రికార్డులు' పట్టిక పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని పెట్టింది. పేరు మర్యాదగా మారింది, పట్టిక విడిగానే ఉంది. 'హరిజనుడు' అన్న మాట విన్న చెవులకు ఇది కొత్తగా అనిపించదు.

ఇంతవరకూ చదివి నేను సింగిల్ అనే వస్తువునే తిడుతున్నాను అనుకోవద్దు. దాని రెండో వైపు కూడా తిప్పి వినాలి. పెద్ద ప్లేటు హాలు ఉన్నవాడిది, సోఫాలో కూర్చుని గంటసేపు వినే తీరిక ఉన్నవాడిది. సింగిల్ పేదవాడికి అందింది. ఒక్క పాట కావాలి, ఒక్క పాటకే డబ్బిస్తాను అనగలిగాడు. అది కూడా కొనలేనివాడు జూక్‌బాక్స్‌లో ఒక నాణెం వేసి తన పాట తానే ఎంచుకున్నాడు. 1950లో సీబర్గ్ కంపెనీ 45లతో నడిచే జూక్‌బాక్స్ తెచ్చింది. రేడియో పెట్టెలో వాడు పెట్టిందే వినాలి, ఇక్కడ నువ్వు కోరింది వినొచ్చు. 1959లో డెట్రాయిట్‌లో బెర్రీ గార్డీ ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని, తర్వాత మోటౌన్‌గా పేరుపడిన కంపెనీ మొదలుపెట్టాడు. నల్లవాడి సొంత కంపెనీ ఈసారి నిలబడింది, సింగిల్స్ మీదే నిలబడింది. 1968లో జేమ్స్ బ్రౌన్ తాను నల్లవాణ్ణని గర్వంగా గట్టిగా చెప్పమని పాడిన పాట కూడా సింగిలే. రెండు వైపులా అదే పాట, రెండు భాగాలుగా. రంగు చూసి విడదీసిన ప్లేటు మీదనే ఆ రంగును ఎత్తి చాటారు.

జమైకా కథ ఇంకా గొప్పది. కింగ్‌స్టన్‌లో పేదవాళ్లకు క్లబ్బుల్లో చోటు లేదు, రేడియోలో వాళ్ల పాట లేదు. వీధిలో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి ప్లేట్లు వాయించే 'సౌండ్ సిస్టం'లు వెలిశాయి. కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్, ప్రిన్స్ బస్టర్ వీటికి పేరుమోసిన వాళ్లు. ఏ ప్లేటో అవతలివాడికి తెలియకుండా లేబుళ్లు గీకేసేవాళ్లంట. 1960ల చివర అక్కడ ఒక కొత్త పద్ధతి వచ్చింది. సింగిల్‌కు ఒక వైపు పాట, రెండో వైపు అదే పాట గొంతు తీసేసి, వాయిద్యాలు మాత్రమే. దాన్ని 'వెర్షన్' అన్నారు. ఆ ఖాళీ వైపు మీద వీధి కుర్రాళ్లు మైకు పట్టుకుని తమ మాటలు పలికారు. యు-రాయ్ అనేవాడు 1970లో అలా పలికిన మాటలతోనే దేశాన్ని ఊపేశాడు. జమైకా నుంచి వలస పోయిన కూల్ హెర్క్ 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక పార్టీలో ప్లేట్లు తిప్పిన పద్ధతి నుంచే హిప్‌హాప్ పుట్టిందంటారు. ఈవేళ మన బస్తీ పిల్లలు కులం మీద ర్యాప్ కడుతున్నారంటే దాని వేరు ఆ ఖాళీ వైపులో ఉంది. పాటలోంచి యజమాని గొంతు తీసేస్తే చాలు, గొంతు లేదన్నవాళ్లు ఎంతమంది మాట్లాడగలరో జమైకా చూపించింది.

మన దగ్గర ఆ ఖాళీ వైపు దేని రూపంలో వచ్చింది? కేసెట్ రూపంలో. ప్లేటు చెయ్యాలంటే ఫ్యాక్టరీ కావాలి, కంపెనీ దయ కావాలి. కేసెట్‌కు ఒక టేప్ రికార్డరు, ఒక గది చాలు. 1985 జూలై 17న కారంచేడు జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఆ కాలంలో మన పాట ఏ పెద్ద కంపెనీ తలుపూ తట్టలేదు. గద్దర్ పాటలు కేసెట్ నుంచి కేసెట్‌కు ఎక్కి ఊళ్లు తిరిగాయి. అంబేడ్కర్ జయంతి పాటలు, డప్పు దరువులు, చర్చి పాటలు అన్నీ అలాగే తిరిగాయి. రెండో కాపీ మూడో కాపీకి వచ్చేసరికి గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుండేది. అయినా విన్నాం. పాత రికార్డుల ప్రేమికులు కేసెట్ వచ్చి నాణ్యత చెడగొట్టిందని ఇప్పటికీ తిడుతుంటారు. వాళ్ల చెవికి చెడిందేమో. మా నోటికి మాత్రం అప్పుడే తాళం ఊడింది.

నా చిన్నప్పుడు క్రిస్మస్‌కు మా పల్లెలో చందాలేసుకుని మొదటిసారి మైకు సెట్టు బాడుగకు తెచ్చారు. బాకా కట్టడానికి మా నాయనే చెట్టెక్కాడు. తను పనిచేసిన రోజుల్లో ఎన్ని చెట్లెక్కినా బాకా మూతి ఊరి వైపే తిప్పేవాణ్ణని, పల్లె వైపు ఒక్కసారీ తిప్పనియ్యలేదని అప్పుడు చెప్పాడు. ఆ రోజు రెండు బాకాలు కట్టాడు. ఒకటి మా వైపు, ఒకటి ఊరి వైపు. కేసెట్ పెట్టింది మా పిన్ని కొడుకు. బటన్ నొక్కడానికి ఎవరి అనుమతీ అడగలేదు.

ఇప్పుడు వినైల్ మళ్లీ వచ్చిందంటున్నారు. 2008 నుంచి ఏటా రికార్డు షాపుల పండగ చేస్తున్నారు. 2022లో అమెరికాలో వినైల్ ప్లేట్లు సీడీల కంటే ఎక్కువ అమ్ముడుపోయాయి, 1987 తర్వాత అదే మొదటిసారి. మన నగరాల్లోనూ కొనేవాళ్లున్నారు. ఒకప్పుడు పేదవాడి ఒక్క పాట కోసం పుట్టిన చిన్న ప్లేటు ఇప్పుడు ఉన్నవాడి అలమరాలో అలంకారం. కొనుక్కోండి, వినండి. ఎవరి ముచ్చట వాళ్లది. కానీ దాన్ని అందరి గతం అని, తెలుగువాడి గతం అని మా చేత చదివించకండి. పాఠ్యపుస్తకంలో పెట్టినా, పత్రికలో వేసినా, లక్క ఏరినవాణ్ణీ, పాట కట్టినవాణ్ణీ, బ్యాటరీ మోసినవాణ్ణీ కూడా అందులో కూర్చోబెట్టండి. అప్పుడు అది చరిత్ర అవుతుంది. లేకపోతే అది ఒక కులం వాళ్ల ఇంటి ఆల్బమ్ మాత్రమే.

ఈ సంకలనం చదివే విద్యార్థులకూ, కార్యకర్తలకూ నాదొక పని అప్పగింత. మీ వాడల్లో పాడేవాళ్లు ఇంకా ఉన్నారు. నాట్లేసేటప్పుడు పాట ఎత్తుకునే అమ్మలున్నారు, చావు డప్పుకు పదిహేను రకాల దరువులు తెలిసిన తాతలున్నారు. మీ జేబుల్లో ఫోన్లున్నాయి. పాట రికార్డు చెయ్యండి. అంతకు ముందు గౌహర్ జాన్ చేసిన పని వాళ్ల చేత చేయించండి. పేరు చెప్పించండి. ఊరు చెప్పించండి. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల పేరు కూడా చెప్పించండి. ఆ పాటను ఎవరైనా వాడుకుని డబ్బు చేసుకుంటే కూలి అడగండి, క్రడప్ లాగా ఒంటరిగా కాదు, సంఘంగా అడగండి.

మా తొమ్మిదో తరగతి పిల్లలు పోయిన ఏడాది ఇలా ఒక నోటుబుక్కు మొదలుపెట్టారు. మూడు ఊళ్లు తిరిగి నలభై ఒక్క పేర్లు రాశారు. పాడేవాళ్లవి, డప్పు కొట్టేవాళ్లవి, డప్పుకు తోలు బిగించేవాళ్లవి. ఒక పిల్ల వచ్చి అడిగింది: "సారూ, మైకు మోసినోళ్ల పేర్లు కూడా రాయాలా?" రాయమన్నాను. నలభై రెండో పేరు మా నాయనది.